తొమ్మిది మంది, ఏడు రాత్రులు, సగం నగరం, సగం ఘాట్ రోడ్డు: ఒక వ్యానా, రెండు కార్లా?

పక్కసీటు:

మొత్తం 9 మందిమి. 65 దాటినవాళ్లు ఇద్దరు, ఆరేళ్ల పాప ఒకతి, మిగతా అంతా 30–45 మధ్య. విమానం దిగేదీ, మళ్లీ ఎక్కేదీ ఒకే నగరంలో. ఏడు రాత్రులున్నాయి. నగరంలో నాలుగు, తర్వాత కొండల్లో మూడు అనుకుంటున్నాం.

ఏ కొండలన్నది ఇంకా తేలలేదు, రెండు చోట్ల మధ్య ఊగుతున్నాం. కొలతలు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. నగరం నుంచి మొదటి మకాం 210 కి.మీ., అందులో చివరి 70 ఘాట్. ఆ మకాం 1900 మీటర్ల ఎత్తులో ఉంది. రెండో మకాం 2600 మీటర్లు. రెండింటికీ నడుమ 3400 మీటర్ల కనుమ ఒకటి దాటాలి.

కార్లు అద్దెకు తీసుకుని మేమే నడుపుకుంటాం. లైసెన్సు ఉన్నవాళ్లు నలుగురు, ఘాట్ అలవాటున్నది ఇద్దరికే. అడగాల్సినవి ఇవీ:

1. తొమ్మిది సీట్ల వ్యాన్ ఒకటి మేలా, రెండు కార్లా?
2. నగరం ముందా, కొండలు ముందా?
3. బండి ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటే పోతుందా?
4. 210 కి.మీ.కి మ్యాప్ నాలుగు గంటల ఇరవై నిమిషాలు చూపిస్తోంది. నమ్మొచ్చా?
5. ఆటోమేటిక్ అయితే దిగేటప్పుడు ఇబ్బందా?

కిలోమీటరురాయి:

నాలుగోదాంతో మొదలుపెడతా, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మ్యాప్ చెప్పేది ఒక్క కారు ఎక్కడా ఆగకుండా వెళితే పట్టే టైము. మీ లెక్క వేరు. మైదానంలో 140 కి.మీ. రెండుంపావు గంట. ఘాట్‌లో 70 కి.మీ.కి గంటకు 30 చొప్పున రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇక్కడికే 4 గంటల 35 నిమిషాలయింది. టిఫినుకు 45 నిమిషాలు, పెట్రోలు, బాత్రూములకు 25, ఘాట్‌లో పాపకు వికారం వస్తే ఒకసారి, ఎవరో ఫొటో అంటే మరోసారి, చెరో 15. మొత్తం ఆరుంపావు. తొమ్మిది మంది బండి దిగి మళ్లీ ఎక్కడానికే పది నిమిషాలు పోతాయి, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

కొండల్లో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేయకూడదు. ఎత్తు, మలుపులు చూడాలి. ఆల్ప్స్‌లో స్టెల్వియో కనుమ 2757 మీటర్లు. ఒక వైపు నుంచి ఎక్కితే సుమారు 24 కి.మీ.లోనే 1800 మీటర్లు పైకి పోతారు, 48 హెయిర్‌పిన్‌లు. మ్యాప్‌లో వేలెడంత గీత అది.

పొద్దున 6:30కి బయల్దేరితే ఒంటిగంట లోపు మకాం చేరతారు. వేసవిలో కొండల మీద మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ఉరుములతో వాన దిగడం మామూలే. పైగా లోయలో నీడ సూర్యాస్తమయానికి గంటా రెండు గంటల ముందే కమ్మేస్తుంది. చలికాలమైతే ఆ నీడపట్టు మలుపుల్లోనే పలచటి మంచు పొర ఉంటుంది. తడి రోడ్డులానే కనిపిస్తుంది, టైరు ఎక్కాక గానీ తెలియదు.

ఇక వరస. 4+3 కాదు, 2+4+1 చేయండి. విమానం దిగిన రోజే ఘాట్ ఎక్కొద్దు, నిద్ర చాలని డ్రైవరుకు మలుపు దూరం సరిగ్గా అందదు. చివరి రాత్రి నగరంలో ఎందుకంటే, కొండచరియ పడి రోడ్డు మూస్తే ఆ ఒక్క రోజు మీ చేతిలో ఉంటుంది. కొండ దిగి నేరుగా విమానం ఎక్కే ప్లాన్ వద్దే వద్దు. పైగా మూడు రాత్రులకు రెండు మకాములంటే రోజూ సంచులు సర్దుకోవడమే. నాలుగైతే రెండేసి రాత్రులు కుదురుగా ఉంటారు.

ఎత్తుకు కూడా ఈ వరస నప్పుతుంది. ఎత్తు వల్ల తలనొప్పి, వికారం సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతాయి. 1900 దగ్గర రెండు రాత్రులు పడుకుని, 3400 పగలే దాటేసి, 2600కి దిగి పడుకుంటారు. శరీరం లెక్క చూసుకునేది పడుకునే ఎత్తునే. కనుమ పైన అరగంట నిలబడండి, భోజనం మాత్రం కిందికి దిగాకే.

బండి సంగతి. నగరంలో ఉన్నన్నాళ్లూ కారు బరువే. పార్కింగు, ఇరుకు సందులు, పైగా చాలా పాత నగరాల్లో బయటి బండ్లు రాకూడని వీధులుంటాయి. ఇటలీలో జెడ్‌టీఎల్ అంటారు, కెమెరా నంబరు ప్లేటు తీస్తుంది, జరిమానా నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా వస్తుంది, దాని మీద వాళ్ల సర్వీసు చార్జీ అదనం. కాబట్టి ఎయిర్‌పోర్టులో వద్దు.

అలాగని బయల్దేరే పొద్దునే తీసుకుందామంటే ఆఫీసు 8కో 9కో తెరుస్తారు, మీరు 6:30కి కదలాలి. ముందు సాయంత్రమే తీసుకోండి. రెండో రోజు సాయంత్రం 6కి తీసుకుని, ఏడో రోజు సాయంత్రం 6 లోపు ఇచ్చేస్తే సరిగ్గా 5 రోజుల అద్దె. చాలాచోట్ల లెక్క 24 గంటల చొప్పునే ఉంటుంది, కాస్త దాటితే ఇంకో రోజు వేస్తారు. ఏడో రోజు ఆదివారమో పండగో అయితే నగరంలోని ఆఫీసు ఎన్నింటికి మూస్తారో బుక్ చేసేముందే చూడండి. హోటల్ మాత్రం కొండ రోడ్డు నగరం వదిలే దిక్కున, మెట్రోకి దగ్గరగా ఉండేలా చూసుకోండి. పొద్దున ఊరు దాటడానికే గంట పోదు.

రెండో_గేరు:

నా ఓటు రెండు కార్లకే. వ్యాన్ అయితే కబుర్లు బాగుంటాయి, మిగతా అన్నీ కష్టమే. పొడవు అయిదు మీటర్లు దాటుతుంది, ఎత్తు రెండు మీటర్ల దగ్గర. చాలా బేస్‌మెంట్ పార్కింగులు 1.9–2.1 మీటర్ల దగ్గరే అడ్డుకమ్మీ పెడతాయి. ఇరుకు హెయిర్‌పిన్‌లో ఒకే తిప్పుడుకు తిరగదు, వెనక్కి తీసి మళ్లీ తిప్పాలి, వెనక వరసలో కూర్చున్నవాళ్లకు లోయ అప్పుడే కనిపిస్తుంది. టైరు పోతే తొమ్మిది మందీ రోడ్డు మీదే. లైసెన్సు కూడా చూసుకోవాలి: యూరప్‌లో మామూలు బి కేటగిరీ మీద డ్రైవరు కాక 8 మందిని ఎక్కించుకోవచ్చు, అన్ని దేశాల్లోనూ అలా లేదు.

మూడు వరసల కారు ఒకటి, అయిదు సీట్లది ఒకటి తీసుకోండి. మూడో వరస మడిచేసి అందులో అయిదుగురు, రెండోదాంట్లో నలుగురు. ఏడు సీట్లని రాశారు కదా అని ఏడుగురిని ఎక్కిస్తే డిక్కీలో రెండు చిన్న సంచులకు మించి పట్టవు. అసలు కిటుకు వేరే ఉంది: చివరి రాత్రి నగరంలోనే కాబట్టి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే హోటల్ తీసుకోండి. పెద్ద సూట్‌కేసులు వాళ్ల దగ్గర పెట్టేసి, మనిషికో మెత్తటి సంచితో కొండెక్కండి. గట్టి పెట్టెలు డిక్కీలో ఒకదాని పక్కన ఒకటి ఇమడవు.

ఘాట్ తెలిసినవాళ్లను చెరో కారులో పెట్టండి. నలుగురి పేర్లూ అద్దె కాగితంలో ఉండాలి. పేరు లేనివాడు నడుపుతుండగా గీత పడినా ఇన్సూరెన్సు వర్తించదు. వేరే దేశమైతే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏ ఒప్పందం కిందదో చూసుకోండి, ముఖ్యమైనవి 1949దీ 1968దీ. జపాన్ 1949దే ఒప్పుకుంటుంది.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు బండికి కష్టం, దిగేటప్పుడు బ్రేకులకు. నిండుగా 1900 కిలోలున్న కారు 3400 నుంచి 1900 మీటర్లకు దిగితే అది వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 28 మెగాజౌళ్లు. అంటే ఎనభై లీటర్ల చన్నీళ్లు మరిగించేంత వేడి. కొంత గాలికీ టైర్లకీ పోతుంది. మిగతాది ఇంజిన్ తీసుకోవాలి, లేదా నాలుగు బ్రేకు డిస్కులు మింగాలి.

పాత మాటే సరైన మాట: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో ఇంజిన్ నిమిషానికి 3000–3500 సార్లు తిరుగుతూ గోల పెడితే కంగారు పడకండి, యాక్సిలరేటర్ నుంచి కాలు తీశాక చాలా ఇంజిన్లలో పెట్రోలు చుక్క కూడా కాలదు. న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుందనేది ఉత్త భ్రమ, ప్రమాదం కూడా. బ్రేకు అదేపనిగా నిమురుతూ దిగొద్దు. వేగం పెరిగాక రెండు మూడు సెకన్లు గట్టిగా నొక్కి, పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన టైములోనే డిస్కు చల్లారుతుంది.

బ్రేకు రెండు రకాలుగా చెడుతుంది, కాలికి తేడా తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంది, కాలిన వాసన వస్తోంది, బండి మాత్రం ఆగట్లేదు: అది ప్యాడ్ల వేడి. పెడల్ స్పంజిలా మెత్తబడి కిందికి పోతోంది: అది బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. ఏది జరిగినా వెంటనే కింది గేరు, పెడల్ మెత్తబడితే గబగబా కొట్టడం, విశాలమైన చోట ఆపడం. అరగంట ఆగండి. డిస్కు మీద నీళ్లు పోయొద్దు, వంగిపోతుంది. హ్యాండ్‌బ్రేకు బిగించి వదిలేయకుండా, మాన్యువల్ అయితే గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి.

ఆటోమేటిక్ అయితే ఇబ్బందేం లేదు, ఏ రకమో తెలియాలంతే. మామూలు టార్క్ కన్వర్టర్ (పాతకాలం నుంచి ఉన్న ఆటోమేటిక్ రకం) అయితే మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పట్టి దిగండి. సీవీటీ (విడివిడి గేర్లు లేని రకం) అయితే మీట ఎల్ లేదా ఎస్‌లో పెట్టండి. హైబ్రిడ్‌లో బి అని ఉంటుంది, అది అందుకే. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) రకంతో ఒకటే జాగ్రత్త: ఏటవాలులో ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, క్లచ్ కాలిపోయి డ్యాష్‌బోర్డు మీద వేడి హెచ్చరిక వస్తుంది. బ్రేకు నొక్కి ఉంచండి. ఈ మోడ్ ఎలా పడుతుందో అద్దె ఆఫీసు ఆవరణలోనే నేర్చుకోండి, మొదటి దిగుడులో కాదు.

పక్కసీటు:

ఇద్దరికీ ధన్యవాదాలు. 2+4+1 ఖాయం చేసుకున్నాం, హోటల్ కూడా అదే. ఇంకో మూడు: రెండు కార్లయితే దారిలో విడిపోతామేమోనని పెద్దవాళ్ల బెంగ. అయిదు సీట్ల కారు ఎలక్ట్రిక్ వస్తే తీసుకోవచ్చా? పాపకు వాంతులు తప్పించేదెలా?

రెండో_గేరు:

ఎలక్ట్రిక్ కారు ఘాట్‌కి బాగానే పనికొస్తుంది. రెండు టన్నుల బండి వెయ్యి మీటర్లు ఎక్కడానికే అయిదున్నర యూనిట్లు, నష్టాలతో కలిపి ఆరు పైమాటే, అదీ దూరానికి పట్టే చార్జి కాక. దిగేటప్పుడు అందులో సగం పైగా తిరిగొస్తుంది. చిక్కల్లా ఒకటే: పైన మకాంలో రాత్రంతా పెట్టి 100 శాతం నింపి దిగితే, తిరిగొచ్చే కరెంటు పోవడానికి చోటుండదు. మోటారు బ్రేకింగు బలహీనపడి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 80–85 దగ్గర ఆపేయండి. పై మకాం దగ్గర చార్జర్ ఒక్కటే ఉంటే మాత్రం పెట్రోలే తీసుకోండి, అది పాడైతే దిక్కులేదు.

లెక్కలపద్దు:

విడిపోవడం గురించి: విడిపోతే పోనీయండి. ముందు కారును అందుకోవాలని మలుపులో ఓవర్‌టేక్ చేయడమే అసలు ప్రమాదం. అలవాటు తక్కువున్న డ్రైవరు ముందుండాలి, అనుభవం ఉన్నాయన వెనక. అప్పుడు వేగం నెమ్మదైనవాళ్లే నిర్ణయిస్తారు. దారి చీలే చోటల్లా వెనక కారు అద్దంలో కనిపించేదాకా ముందు కారు ఆగాలి, ఈ ఒక్క నియమం చాలు. సిగ్నల్ ఉండదు కాబట్టి కలవాల్సిన చోట్లు మూడు నాలుగు ముందే ఆఫ్‌లైన్ మ్యాప్‌లో గుర్తుపెట్టి రెండు ఫోన్లలోనూ ఉంచండి. ఫలానా చోట గంట చూసి రాకపోతే వెనక్కి రావాలా, తర్వాతి చోటికి పోవాలా అన్నది కూడా ముందే అనుకోండి.

ఇరుకులో ఎదురైతే ఎక్కే బండికి దారి ఇవ్వడం చాలా దేశాల్లో నియమం, దిగేవాళ్లు వెనక్కి జరగాలి. నియమం సంగతి ఎలా ఉన్నా, వెడల్పు చోటు ఎవరికి దగ్గరుందో వాళ్లే జరిగితే పని తొందరగా అవుతుంది.

పాప విషయం. ఆరేళ్లంటే బూస్టరు సీటు అడగాలి, బుకింగులోనే రాయించండి, అక్కడికెళ్లి అడిగితే ఉండకపోవచ్చు. వెనక వరస మధ్యలో కూర్చోబెడితే ఎదురుగా రోడ్డు కనిపిస్తుంది, కానీ అక్కడ మూడు పాయింట్ల బెల్టు ఉంటేనే. ఫోనూ బొమ్మల పుస్తకమూ ఘాట్ మొదలవగానే తీసేయండి. కళ్లు కదలట్లేదంటాయి, చెవిలోని తూకం కదులుతున్నామంటుంది, ఆ తగువే వాంతి. పొట్ట ఖాళీగా ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. మాత్రలు వేస్తే ఘాట్ ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందు వేయాలి, వికారం మొదలయ్యాక వేస్తే అవీ బయటికే వస్తాయి. పాపకు డోసు డాక్టరును అడగండి. వాటితో మగత వస్తుంది, డ్రైవర్లు మాత్రం ముట్టుకోకూడదు. పెద్దవాళ్లకు బీపీ, గుండె మందులుంటే 3400 గురించి ముందే డాక్టరుతో మాట్లాడండి.

అడగలేదు గానీ గదుల సంగతి కూడా చెప్తా, పొద్దున 6:30 ప్లాన్లన్నీ పాడయ్యేది అక్కడే. తొమ్మిది మందికి పెద్ద ఇల్లు ఒకటి దొరికితే పడకలు లెక్కపెట్టి సంబరపడతారు. బాత్రూములు లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే, మనిషికి ఇరవై నిమిషాలు వేసుకున్నా మూడు గంటలు. మూడుంటే గంట. గీజరు సైజు కూడా అడగాలి, చిన్న గీజరు వేడినీళ్లు ముగ్గురికే అయిపోతాయి.

డబ్బు: ఒక ఉమ్మడి పద్దు, అందరూ ముందే సమానంగా వేసేయాలి. పెట్రోలు, టోలు, పార్కింగు, అద్దె అన్నీ దాంట్లోంచే, ఏ కారులో ఎవరు కూర్చున్నారని చూడొద్దు. డిపాజిట్ మాత్రం ప్రధాన డ్రైవరు కార్డు మీద ఆపుతారు, అది విడుదలయ్యేసరికి వారం పైనే పట్టొచ్చు. రెండు కార్లకు రెండు కార్డులు, ఇద్దరు మనుషులు. ఎవరైనా మానేస్తే వాళ్ల వాటా ఏమవుతుందో బుకింగుకు ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. తర్వాతైతే చుట్టరికాలు చెడతాయి.

మైలురాయిమామ:

అందరూ రెండు కార్లంటున్నారు, నేను ఒప్పుకోను. ఘాట్ తెలిసింది ఇద్దరికే. నాలుగు రోజులూ వాళ్లిద్దరే నడిపితే వాళ్లకు యాత్ర ఏముంది? డ్రైవరుతో సహా వ్యాన్ మాట్లాడుకోండి. రోడ్డు తెలిసినవాడు, ఏ మలుపులో రాళ్లు పడతాయో వాడికి తెలుసు.

కిలోమీటరురాయి:

మామగారు చెప్పిందాంట్లో న్యాయముంది. పెద్దవాళ్లు, పాప ఉన్నారు కాబట్టి నిజంగా ఆలోచించాల్సిందే. అయితే డ్రైవరుతో కలిపి పదిమంది అవుతారు, తొమ్మిది సీట్లు చాలవు. పెద్ద బండి మాట్లాడాలి, కనుమ మీద పెద్ద బండ్లకు అనుమతి ఉందో లేదో చూడాలి. డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడు, రోజుకు ఎన్ని గంటలు నడుపుతాడు అన్నవి మాట్లాడుకోవాలి. రోజంతా నడిపి బండిలోనే పడుకున్న మనిషి చేతికి మర్నాడు ఘాట్ ఇవ్వకూడదు. సొంతంగా నడిపితే మాత్రం మిగతా ఇద్దరికీ మొదటి రోజు మైదానం భాగం అప్పగించండి. అప్పుడు ఘాట్ దగ్గరికొచ్చేసరికి తెలిసినవాళ్లు అలసిపోకుండా ఉంటారు.

రెండో_గేరు:

అది సరైన పద్ధతి. చివరగా, బండి తీసుకునేటప్పుడు చూడాల్సినవి, వెలుతురు ఉండగానే.

చుట్టూ వీడియో తీయండి, పైకప్పు, చక్రాల రిమ్ములు, ముందు అద్దం వదలకుండా. ప్రాథమిక ఇన్సూరెన్సులో టైర్లు, అద్దాలు, కింది భాగం తరచూ ఉండవు, ఘాట్‌లో దెబ్బ తగిలేది వాటికే. టైరు గాలి డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో నిండు బరువుకు రాసిన అంకె ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు నింపండి. కొండ మీద మళ్లీ సరిచేయనక్కర్లేదు. పైకి పోయేకొద్దీ బయటి గాలి పలచబడి మీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది, చలికి కాస్త తగ్గుతుంది, రెండూ దాదాపు సరిపోతాయి. వైపర్లు నీళ్లు చల్లి వేసి చూడండి. పొగమంచు లైటు మీట ఎక్కడుందో కనిపెట్టండి. మంచులో డిమ్ లైటే వేయాలి, బ్రైట్ వేస్తే ఎదురుగా తెల్ల గోడ లేస్తుంది.

ఆఖరున డిక్కీ నేల పలక ఎత్తండి. చాలా కొత్త కార్లలో అక్కడ స్టెప్నీ ఉండదు, జిగురు డబ్బా, చిన్న గాలి పంపు ఉంటాయి. జిగురు మేకు దిగిన కన్నానికే పనికొస్తుంది. ఘాట్‌లో రోడ్డు అంచు రాయి కోసేది టైరు పక్క గోడను, దానికి జిగురు అంటదు. స్టెప్నీ ఉన్న కారే కావాలని అక్కడే అడగండి. ఉంటే దాని గాలీ చూడండి, జాకీ, స్పానరు, లాగే కొక్కెం ఉన్నాయో లేదో చూడండి. స్పానరును ఒక నట్టుకు తగిలించి సరిపోతుందో చూసుకోండి. రిమ్ములకు దొంగతనం కాకుండా లాక్ నట్ ఉంటే దాని తాళం ముక్క గ్లవ్ బాక్సులో ఉండాలి. అది లేకపోతే కాగితం మీద సంతకం పెట్టకండి.